బెల్లం తిన్న గోడ

ఫాల్గుణమాసం ఎండల్లో, ఉప్పుమళ్లు తెల్లగా విరగబూయాల్సిన రోజుల్లో, గుల్లపాలెం యలమంద మళ్లకు ఉప్పునీరు తోడే తన ఊటబావిలోకి చేద వేస్తే అది ఠంగుమంది.

నీళ్లలో పడ్డ చేద చేసే చప్పుడు కాదది. మళ్లీ వేశాడు. మళ్లీ అదే. తాడు పట్టుకుని లోపలికి దిగి చూస్తే, ఇసుకలోంచి ఉప్పునీరు చెమర్చే చోటల్లా బూడిదరంగు రాయి కట్టుకుని ఉంది. మొన్నటిదాకా వేలితో గోకితే రాలిన ఇసుక అది. గునపంతో పొడిస్తే గునపమే ఎగిరి వెనక్కొచ్చింది.

యలమంద పైకొచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని, విశ్వవిద్యాలయంలో ఉన్న మరదలికి ఫోన్ చేశాడు.

"ఏం మరదలా, నీ పురుగులు మా బావిలో కాపురం పెట్టినయ్. ఇల్లు కూడా కట్టుకున్నయ్. రాతి ఇల్లు."

అంకమ్మ నవ్వలేదు. "మీ ఒక్క బావేనా, బావా?"

"పొద్దున్నించి అందరూ చేదలు పట్టుకుని తిరుగుతున్నారు. ఎవరి బావి చూసినా ఇదే వరస."

"ఓ ముక్క కొట్టి బస్సులో పంపించు."

"ముక్క పంపిస్తా. నువ్వు కూడా రా. నువ్వు రాకపోతే మీ అక్కే అక్కడికి వచ్చుద్ది. అది నీకింకా కష్టం."

అంకమ్మ ఉప్పుమళ్లలో పుట్టిన మనిషి. ఊరి దేవత పేరు పెట్టారు. ఆ పేరు మార్చుకోకుండానే పెద్ద చదువులు చదివి, భూవ్యవస్థల విభాగంలో పరిశోధకురాలైంది. తలుపు మీద 'డాక్టర్ అంకమ్మ' అని రాసి ఉంటే కొత్తగా వచ్చిన విద్యార్థులు ఒకసారి ఆగి చదువుకుని వెళ్తుంటారు.

సాయంత్రం బస్సులో వచ్చిన రాయిని ఆమె రోట్లో నూరి, ఉప్పునీళ్లలో కలిపి, ఒక బొట్టు గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఒక్క చూపు చాలింది. పక్కకి జరిగి విభాగాధిపతి రెహనాకు చోటిచ్చింది.

రెహనా చాలాసేపు చూసింది. "మనవే," అంది.

ఆ సూక్ష్మజీవులను తయారుచేయడానికి వాళ్లిద్దరికీ చాలా ఏళ్లే పట్టింది. ఉప్పు తగిలితే వాటికి మెలకువ వస్తుంది. మంచినీళ్లలో నిద్రపోతాయి. మెలకువగా ఉన్నప్పుడు కాస్త బెల్లపుమడ్డి దొరికిందంటే, ఇసుకలోని గుల్లల సున్నాన్ని కరిగించి, రేణువును రేణువుకు అతికించుకుంటూ పోతాయి. ఉప్పునీరు ఎటునుంచి వస్తే అటు గోడ లేస్తుంది. మంచినీళ్లున్న చోట ఆగిపోతుంది. తాపీమేస్త్రీ అక్కర్లేదు.

సముద్రం ఏటేటా పైకొస్తుంటే, భూమి కింద ఉప్పునీరు ఊళ్లవైపు పాకుతోంది. గుల్లపాలెంలో తాగే బావులన్నీ ఒక్కొక్కటే చెడ్డాయి. అన్నం పచ్చబడింది. పప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకుగానే ఉండేది. క్యాన్లు పట్టుకుని ఆడవాళ్లు ట్యాంకరు కోసం రోడ్డు మీద నిలబడటం అలవాటైపోయింది. అప్పుడు అంకమ్మ తన ఊరినే ఎంచుకుంది. ఊరికీ ఉప్పుమళ్లకూ మధ్య వరసగా గొట్టాలు దింపి, జీవులను వదిలింది. భూమి కింద గోడ లేచింది. వానాకాలం వెళ్లాక ఒకరోజు ఉప్పు రైతు బసవపున్నయ్య ఇంట్లో కందిపప్పు మెత్తగా ఉడికింది. ఆ రోజు ఊళ్లో పండగ పప్పుకే జరిగింది.

ఇప్పుడు ఆ గోడ కట్టిన జీవులే ఉప్పు బావుల్ని పూడుస్తున్నాయి.

*

ఉప్పు రైతుల సంఘం రేకులషెడ్డులో అందరూ కూర్చున్నారు. బసవపున్నయ్య సంఘానికి అధ్యక్షుడు. మాట నెమ్మది, పట్టు గట్టిది.

"అమ్మాయ్, నీళ్లు తీపయినయ్. సంతోషం. నీ పేరు చెప్పుకుని తాగుతున్నాం," అన్నాడు. "తాగి ఏం తినమంటావు?"

అంకమ్మ షెడ్డంతా ఒకసారి చూసింది. ఊళ్లో నీళ్లు తాగేవాళ్లు వేరు, ఉప్పు పండించేవాళ్లు వేరు అయితే వాదనకైనా దిగొచ్చు. ఇక్కడ రెండూ ఒకే ఇళ్లు.

"బావుల్లో యాసిడ్ పోస్తే ఆ రాయి కరుగుద్దంట గదా?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"కరుగుతుంది. కానీ అవి మళ్లీ వస్తాయి," అంది అంకమ్మ.

"అందుకే మొదట్లోనే పోస్తాం," అన్నాడు బసవపున్నయ్య. "మీరు దింపిన గొట్టాల్లోనే. సోమవారం యాసిడ్ ట్యాంకరు వస్తంది. చెప్పి పెట్టాం."

"గోడ కూడా కరిగిపోతుంది, పున్నయ్య మామా. ఉప్పునీరు మళ్లీ ఊళ్లోకి వస్తుంది."

"తెలుసమ్మా. క్యాన్లు ఎక్కడా పారేయలేదు మేం."

కోపంగా అనలేదు. అదే ఆమెకు ఎక్కువ తగిలింది. యలమంద మరదలి వంక చూసి చూపు తిప్పుకున్నాడు. ఇంటి మనిషి వైపు మాట్లాడితే ఊరు ఊరుకోదు, ఊరివైపు మాట్లాడితే ఇంట్లో అన్నం దొరకదు. అందుకని బీడీ ముట్టించాడు.

*

అక్క నాంచారమ్మ చెల్లెలికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. చేపలపులుసు వేస్తూ, వేస్తూనే తిట్టింది.

"చిక్కిపోయావు. ఆ పురుగుల్ని సాకే బదులు నిన్ను నువ్వు సాక్కోరాదంటే?"

"అక్కా, ఈ ఏడు బావుల్లో కొత్తగా ఏమన్నా వేశారా? మందులు, బ్లీచింగూ ఏమన్నా?"

"మందులెందుకు వేస్తాం? ఎప్పుడూ పోసేదే పోశాం. పానకం."

అంకమ్మ చేతిలో ముద్ద ఆగింది.

సాగు మొదలెట్టేరోజు ఊటబావికి పసుపు రాసి, చెంబెడు పానకం పోయడం ఆ ఊరి వాడుక. ఉప్పుతల్లికి తీపి పెట్టి, అడుగు గట్టిపడేలా మళ్లు తొక్కడం మొదలుపెడతారు. అంకమ్మ చిన్నప్పుడు ఆ చెంబులో మిగిలిన పానకం కోసమే మళ్లలోకి వెళ్లేది.

"చెంబెడేనా?"

నాంచారమ్మ పులుసు గిన్నె మీద మూత పెట్టింది. "ఈ ఏడు ఇంటికో బిందె పోశాం."

"ఎందుకే?"

"మీ యూనివర్సిటీ మనిషి గొట్టాల్లో మడ్డి పోస్తుంటే చూశాం గదా. గ్లాసుతో కొలిచి, ఇంతింత. మాకే సిగ్గనిపించింది. ఊరికి మంచినీళ్లు తెచ్చిపెట్టినయ్, ఒక్కరోజు సెలవన్నా లేకుండా గోడ కడతన్నయ్. వాటికి గ్లాసుడు మడ్డా? పెళ్లికొచ్చినోళ్లకి పిడికెడు బియ్యం వండి పెట్టినట్టు. మనూరొచ్చిన చుట్టాలు గదా, కడుపునిండా పెడదామని ఆడోళ్లందరం అనుకున్నాం. గొట్టాలకి మూతలు బిగించి పోయాడు మీవోడు. బావిలో పోస్తే వాటికి అందకుండా ఉంటదా అనుకున్నాం."

అంకమ్మ అన్నం ముందునుంచి లేవలేదు కానీ తినడం మానేసింది. అందింది. బాగా అందింది. గొట్టాల దగ్గర ఆకలితో ఉన్నవి తీపి జాడ పట్టుకుని, ఉప్పునీళ్లలో ఈదుకుంటూ, అక్కావాళ్ల బావులదాకా వచ్చాయి. వచ్చి కడుపునిండా తిని, తిన్నచోటే రాయయ్యాయి.

"ఏందే, తప్పు చేశామా?" అంది నాంచారమ్మ, గొంతు తగ్గించి.

"తప్పు మీరొక్కళ్లే చేయలేదు," అని అంకమ్మ ఎడమచేత్తో ఫోన్ తీసింది.

రెహనా అవతలనుంచి విన్నది. గోడ హద్దు దాటి పెరుగుతుందన్న భయంతో మడ్డిని అంత పొదుపుగా కొలిచి పెట్టింది విభాగమే.

"రెండు గాజుతొట్లు పెట్టండి మేడం," అంది అంకమ్మ. "రెండిట్లో ఇసుకా, ఉప్పునీళ్లూ. ఒకదాంట్లో ఈ చివర మన కొలత ప్రకారం మడ్డి. రెండోదాంట్లో తినలేనంత. రెండిట్లోనూ ఆ చివర కాస్త పానకం పెట్టండి. అవి ఎటు పోతాయో చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నానికి రెహనా ఫోన్ చేసింది. ఆమె గొంతులో అలసట ఉంది, దాని వెనక ఉత్సాహం ఉంది.

"కొలత ప్రకారం పెట్టినవి అవతలి చివరకు పోయి గట్టిపడ్డాయి, అంకమ్మా. తినలేనంత పెట్టినవి పెట్టినచోటే గోడై కూర్చున్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు. ఆకలి వేసినవే తిరుగుతున్నాయి."

"అయితే మళ్లలో తిరిగేవాటిని మనం పిలవొచ్చు. ఒకచోటికి పిలిచి, కడుపునిండా పెడితే అక్కడే గట్టిపడతాయి. బావుల జోలికి రావు."

"సోమవారం లోపల అంత మడ్డి ఎక్కడ తెస్తాం? అనుమతులకే వారం."

"మడ్డి ఎందుకు మేడం, పానకం ఉందిగా. ఊరు పోస్తుంది."

"బిందెలతోనా? కొలత ఎవరు చూస్తారు?"

"కొలతే మనల్ని ఇక్కడికి తెచ్చింది."

"సూక్ష్మదర్శిని తీసుకుని బయల్దేరుతున్నా," అంది రెహనా.

*

పిలవడం సులువే. ఎక్కడికి పిలవాలన్నది కష్టం. రాయి కట్టడానికి వాటికి గుల్లల సున్నం కావాలి. ఎంత తిండి పెట్టినా సున్నం చాలకపోతే సగంలో లేచిపోతాయి. అంకమ్మ ఆ సాయంత్రమంతా మళ్లలో సన్నగొట్టం దింపి అడుగు ఇసుక పైకి తీసి చూసుకుంటూ తిరిగింది. చాలాచోట్ల చారెడు గుల్ల. మందంగా, పొరలు పొరలుగా గుల్ల ఉన్నది ఒకే బారున. ఊరివైపు అంచులో, నాంచారమ్మ మళ్ల కింద.

అమ్మ తొక్కిన మళ్లు. అమ్మమ్మ తొక్కిన మళ్లు. అంకమ్మ చదువు ఆ మళ్లలోనే పండింది. గోడ వాటి కిందకి వస్తే అక్కడ ఇక ఊట ఉండదు, ఉప్పు పూయదు.

అక్క మడిలో ఉంది. రాయి కట్టకముందు తోడిన నీళ్లు ఆ మళ్లలో ఇంకా ఉన్నాయి. పైన ఉప్పు మీగడలా తేలి, అడుగుకి దిగుతోంది. రెండుమూడు ఎండలు కాస్తే లాగడానికి వస్తుంది. అంకమ్మ గట్టు మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాలేదు.

యలమందకి కోపం ముక్కు మీదే ఉంది. "ఇంత బారున మళ్లుంటే మీ అక్కవే దొరికినయ్యా నీకు?"

"మన మళ్ల కింద గుల్ల ఉంటే అదేం చేసుద్ది?" అంది నాంచారమ్మ.

"నువ్వూరుకో. మీ అమ్మ నీకిచ్చింది ఈ మళ్లే గదా."

"దానికి చదువిచ్చింది, నాకు మళ్లిచ్చింది. రెండూ ఒకచోటే తగలడ్డయ్." నాంచారమ్మ చీలమండల దాకా ఉప్పునీళ్లలో నిలబడి ఊరివైపు చూసింది. పొయ్యిలు ముట్టించే వేళ, ఇళ్ల మీద పొగ లేస్తోంది. "ఒసే అంకీ, ఇది పని చేసుద్దా?"

"తొట్టిలో చేసింది."

"తొట్టిలో సంగతి అడగలా."

అంకమ్మ అక్క కళ్లలోకి చూసింది. "చేస్తుందనుకుంటున్నా. చేయకపోతే నీ మళ్లూ పోతాయి, గోడా పోతుంది."

నాంచారమ్మ నీళ్లలోంచి బయటికొచ్చింది. కాళ్లకి ఉప్పు తెల్లగా అంటుకుని ఉంది. దులుపుకోలేదు. "పున్నయ్య మామకి నేను చెప్తా పా," అంది. "నువ్వు చెబితే సభ పెడతాడు. నేను చెబితే వింటాడు."

*

సోమవారం పొద్దున యాసిడ్ ట్యాంకరు వచ్చి షెడ్డు ముందు ఆగింది. బసవపున్నయ్య డ్రైవరుని చెట్టునీడన మంచం వేసి కూర్చోబెట్టాడు.

"తొందరేం లేదు నాయనా. ఇయ్యాల ఆ పిల్ల ఏదో చేసుద్దంట. నా మడిలో కొత్తగుంట తవ్విస్తా. రేపు పొద్దుటికి గుంటలో ఇసుక ఇసుకలాగే ఉంటే నువ్వు వెనక్కి పో. రాయైతే నీ పని నువ్వు కానీ."

"నాకేం, కూర్చుంటా," అన్నాడు డ్రైవరు. "భోజనం ఉంది గదా?"

అప్పటికే వీధుల్లో పెద్ద పెద్ద డేగిశాల్లో పానకం కలుపుతున్నారు. ఎవరింట్లో బెల్లం ఉంటే వాళ్లు తెచ్చారు. ఒకామె అలవాటు కొద్దీ మిరియాలు, యాలకులు దంచి వేయబోతే అంకమ్మ ఆపింది.

"మిరియాలొద్దు పిన్నీ."

"మిరియాల్లేని పానకం పానకమేనా? జలుబు చెయ్యదా వాటికి?"

"చెయ్యదు."

"నీ ఇష్టం మరి. తర్వాత నన్ను అనబాక."

నాంచారమ్మ మళ్ల వెంట చిన్న గొట్టాలు దిగాయి. ఊరు బారులు తీరింది. చంకన బిందెలు, నెత్తిన బిందెలు, చేతుల్లో బకెట్లు. సున్నం గిన్నెలా మెరిసే మళ్ల అంచున ఆ వరస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా ఉంది. అందరూ గట్టు మీద నిలబడిపోయారు. మొదటి బిందె ఎవరు పోయాలన్నది ఎవరూ అనలేదు.

నాంచారమ్మ చీర దోపుకుని తన మడిలోకి దిగింది. కాళ్ల కింద అప్పుడే గట్టిపడుతున్న ఉప్పు పటపటమని విరిగింది. ఇంకొక్క ఎండ తగిలితే లాగే ఉప్పు అది. దాన్ని తొక్కుకుంటూ పోయి, గొట్టంలో బిందె వంచింది.

"తినండమ్మా," అంది. "ఈసారి ఇక్కడే తినండి."

తర్వాత ఆగలేదు. బిందె వెనక బిందె. పోసినవాళ్లు మళ్లీ వీధిలోకి పరుగు. రెహనా పట్టుచీరకొంగు నడుముకి బిగించి ఒక చంకన బిందె, ఇంకో చేత బకెట్టు పట్టుకుని గట్టు మీద నడుస్తుంటే యలమంద చూసి, "మేడమ్‌గారూ, జారుద్ది. అదిటు ఇవ్వండి," అన్నాడు. ఇవ్వలేదావిడ. డ్రైవరు కూడా కాసేపు చూసి, మంచం దిగి, బిందె అందుకున్నాడు. తన ట్యాంకరుకి ఎదురు పని చేస్తున్నాడని ఎవరో గుర్తు చేస్తే, "కూర్చుని కూర్చుని నడుము పట్టింది," అన్నాడు.

ఎండ నడినెత్తికొచ్చేవేళకి డేగిశాలు అడుగంటాయి. బసవపున్నయ్య తన మడిలో గుంట తవ్వించాడు. అడుగున ఇసుక తడిగా, వదులుగా ఉంది. ఉప్పునీరు చెమర్చడం మొదలుపెట్టింది. అప్పటికి అందరి గుంటలూ అలాగే ఉంటాయి. సంగతి రేపు తెలుస్తుంది.

*

మర్నాడు పొద్దెక్కకముందే మళ్ల దగ్గర ఊరంతా ఉంది. రెహనా షెడ్డు బల్ల మీద సూక్ష్మదర్శిని పెట్టుకుని, ఒక్కో మడి నీళ్లు ఒక్కో బొట్టు చూస్తోంది. ముందురోజు కిటకిటలాడిన బొట్లు. ఇప్పుడు ఒకటి ఖాళీ. ఇంకొకటి ఖాళీ. అంకమ్మను పిలిచి చూపించింది. అంకమ్మ చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చూసింది. ఒక్కటి లేదు.

బసవపున్నయ్య మనుషుల్ని దింపకుండా తనే గుంటలోకి దిగాడు. వంగి, అడుగున చెయ్యి పెట్టాడు. ఆయన లేచి పిడికిలి తెరిచాడు. ఇసుక వేళ్ల సందుల్లోంచి నీళ్లతో పాటు జారింది.

"ఇసకే," అన్నాడు. మళ్లీ అన్నాడు. "ఇసకేనయ్యా."

ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మగవాళ్లు పలుగులు అందుకుని ఎవరి మళ్లలోకి వాళ్లు కొత్త బావులు తవ్వడానికి పరిగెత్తారు. పరిగెత్తేవాళ్లను చూస్తుంటే అంకమ్మకి నవ్వొచ్చింది. అన్నేళ్లు గాజుతొట్ల ముందు కూర్చున్నది ఈ పరుగు చూడటానికే అనిపించింది.

యలమంద అక్కడే నిలబడిపోయాడు. పలుగు పట్టుకుపోయి తవ్వడానికి అతనికి మడి లేదు. నాంచారమ్మ తమ మడిలో గునపం దింపింది. అది లోపల రాయికి తగిలి ఆగింది. ఇంకోచోట దింపింది. అక్కడా రాయే. ఈ చివరనుంచి ఆ చివరదాకా పొడుచుకుంటూ పోయింది. ఎక్కడా సందు లేదు.

"గట్టిగా కట్టినయ్," అంది చెల్లెలితో. ఆ మాటలో గర్వం ఉంది. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. రెండూ దాచుకోలేదు.

అంకమ్మ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ రాతి మీది తడినేల మీద చెయ్యి పెట్టింది. అక్క ఆమె తల మీద మొట్టింది.

"లే. అన్నం తిందువుగాని. మొన్న సగంలో ఆపేశావు."

ట్యాంకరు నిండుగానే వెనక్కి పోయింది.

*

చైత్రంలో కొత్త బావుల నీళ్లతో మళ్లు పూశాయి. కింద గోడ ఒక పక్కన ఊరినీ, ఇంకోపక్కన ఉప్పునీ కాస్తుంటే, మళ్లలో ఊట చిక్కబడి, అంత తెల్లటి ఉప్పు తాము చూడలేదని ముసలివాళ్లే అన్నారు. ఆ ఉప్పును చూడటానికి సముద్రం పక్కనున్న వేరే ఊళ్లవాళ్లు వ్యాన్లు కట్టుకుని వస్తున్నారు. తమ బావుల కథ అంకమ్మకి చెప్పుకుని, ఎప్పుడొస్తావని అడిగి పోతున్నారు. ఆ ఊళ్లన్నిటికీ పోవాలని రెహనా, అంకమ్మ నిశ్చయం చేసుకున్నారు.

మొదటి ఉప్పు లాగిన రోజు మొదటి గంప అమ్మవారి గుడికి పోవడం ఆనవాయితీ. ఆ ఏడు గంప నెత్తిన పెట్టుకున్న బసవపున్నయ్య గుడి దాటి వీధిలోకి నడిచాడు. వెనక సంఘమంతా నడిచింది. నాంచారమ్మ ఇంటి ముందు ఆగారు.

ఆమె చేట చేతిలో పట్టుకుని బయటికొచ్చింది, వెనకే యలమందా, అంకమ్మా. పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరి ఉప్పు ఆ ఇంట్లోకి రాలేదు.

"మామా, ఇదేంది?"

"ఉప్పమ్మా. నీ మళ్ల మీద పండింది ఇదే. చోటు మారింది, అంతే."

బసవపున్నయ్య గంప దించి, దోసిలి నిండా ఉప్పు తీసి, ఆమె ముందు నేల మీద పెట్టబోయాడు. ఒకరి చేతినుంచి ఒకరు ఉప్పు అందుకోకూడదని ఆ వైపు ఇళ్లలో పట్టింపు. అందుకుంటే ఇద్దరికీ తగవొస్తుందంటారు. అందుకే ఉప్పు ఎవరిచ్చినా కింద పెడతారు, తీసుకునేవాళ్లు కిందనుంచి తీసుకుంటారు.

నాంచారమ్మ చేట పక్కన పెట్టి రెండు చేతులూ చాపింది.

"చేతికే ఇవ్వు మామా," అంది. "మనకింక తగవేముంది."

బసవపున్నయ్య అంకమ్మ వంక చూశాడు, యలమంద వంక చూశాడు. తర్వాత ఆ ఉప్పంతా ఆమె చేతుల్లో పోశాడు.